నయమైందని ఎవరూ అనలేదు

నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. నీలం అట్ట, లోపల పెన్సిల్‌తో గీసిన మూడు గళ్ళు. మొదటి గడిలో మనిషి ఊరు, వయసు. రెండో దాంట్లో ఏ ఎముక విరిగింది, ఎట్లా విరిగింది. మూడో దాంట్లో నయమైందా, కాలేదా. ఆ మూడో గడిని ఒకసారి మొదటి పుట నుంచి చివరి పుట దాకా కొట్టివేసి మళ్ళీ రాశాం. చివరి వరుసలో మాత్రం అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది. నేను చాలా విషయాల మీద చాలా గట్టిగా మాట్లాడినవాణ్ణి. ఆ ఒక్క గడి దగ్గరికి వచ్చేసరికి నాకు మాట రాదు. ఎందుకు రాదో రాస్తూ పోతే నాకైనా తెలుస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను.

యాభైలలో నేను హోసూరులో హైస్కూలు మాస్టరును. పగలు పిల్లలకు లెక్కలు, సాయంత్రం పెద్దలకు హేతువాదం. చర్చా సభల్లో పెరిగిన బుద్ధి నాది. ఎదుటివాడు నోరు తెరవకముందే వాడి మూడో వాదానికి జవాబు వెతుక్కునే రకం. తాయెత్తు, సోది, పూనకం, దిష్టి, ఇవన్నీ నాకు శత్రువులు. నాటు కట్లు కట్టేవాళ్ళు కూడా ఆ జాబితాలోనే ఉండేవారు. వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొనా మినప్పిండీ పూసి, ఏదో గొణిగి ఎముకలు అతికిస్తామనే వాళ్ళు. వాళ్ళ మీద నేను ఎన్ని ఉపన్యాసాలిచ్చానో లెక్క లేదు. వాళ్ళలో ఒక్కరి ఇంటికీ ఎన్నడూ వెళ్ళలేదన్నది కూడా నిజమే. అప్పట్లో అది నాకు లోపంగా తోచలేదు.

మా అక్క కొడుకు మద్రాసులో వైద్యం చదువుతుండేవాడు. ఒక వేసవి సెలవులకు మా ఇంటికి వస్తూ ట్రంకు పెట్టెతో పాటు ఒక పనిని కూడా తెచ్చాడు. వాళ్ళ ఎముకల విభాగం ప్రొఫెసరు ఏదో విదేశీ పత్రికను క్లాసులో చదివి వినిపించాడట. అమెరికాలో ఆస్టియోపతి అనే వైద్యం ఒకటి ఉందనీ, దానికి వేరే కాలేజీలున్నాయనీ, అక్కడి విద్యార్థులకు మందులూ కత్తీ నేర్పడంతో పాటు ఎముకలనూ కీళ్ళనూ చేత్తో తడిమి సరిచేయడం కూడా నేర్పుతారనీ అందులో ఉందట. క్లాసులో సగం మంది నవ్వారట. మిగిలిన సగం మంది మా ఊళ్ళోనూ అట్లాంటి వాళ్ళున్నారని గొప్పలు చెప్పారట. ప్రొఫెసరు రెండు గుంపులనూ ఆపి, నవ్వొద్దు, మొక్కొద్దు, పోయి లెక్కపెట్టుకు రండి అన్నాడట. మీ ప్రాంతంలో కట్టు కట్టేవాళ్ళను ఒకరిని పట్టుకుని, వాళ్ళు కట్టిన మనుషులను వెతికి, ఎంతమందికి నయమైందో రాయండి, సరిగ్గా రాసినవాణ్ణి చదువయ్యాక నా వార్డులో పెట్టుకుంటాను అని.

నవ్వొద్దు అన్న ముక్క నేను సరిగా వినలేదు. లెక్కపెట్టు అన్నది మాత్రం బాగా విన్నాను. ఇన్నాళ్ళూ నోటితో కొట్టినవాళ్ళను ఇక అంకెలతో కొట్టవచ్చని సంబరపడ్డాను.

హోసూరు నుంచి డెంకణికోట పోయే దారిలో ఒక చిన్న ఊళ్ళో ఒక ముసలావిడ ఉండేది. గొర్రెలు మేపే కుటుంబం. అందరూ ఆవిడను అవ్వ అనే పిలిచేవాళ్ళు. అత్త దగ్గర నేర్చుకుందట ఆ పని. ముందు గొర్రెల కాళ్ళు, తర్వాత మనుషులవి. అంత దూరపు కల్లావి నుంచి కూడా ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు. మేం సైకిళ్ళ మీద పోయేసరికి దొడ్డి ముందర కూర్చుని ఒక గొర్రెపిల్ల గిట్టలో ముల్లు తీస్తోంది. మా వాణ్ణి ఎగాదిగా చూసింది.

"డాక్టరుకు చదవతా ఉండావా నాయినా? ఎమికలు ఎన్ని ఉండాయో తెలుసా?"

రెండు వందల ఆరు అన్నాడు మా వాడు, పరీక్షలో చెప్పినట్టు.

"యబ్బా, నేను ఎప్పుడూ ఎంచలేదే," అంది. లోపలికి పోయి నోరు కుట్టేసిన ఒక తోలు సంచి తెచ్చి అతని ఒళ్ళో వేసింది. లోపల విరిగిన గొర్రె కాలి ఎముక, చుట్టూ ఉన్ని కూరి ఉంది. పైనుంచి తడిమి ఎన్ని ముక్కలో చెప్పమంది. మా వాడు కళ్ళు మూసుకుని చాలాసేపు తడిమి రెండు అన్నాడు. అవ్వ కుట్టు విప్పి చూపించింది. మూడు. "రెండు వందల ఆరు తెలిసినోనికి మూడు తెలీలేదే," అని నవ్వింది. ఆవిడ అత్త తనకు అట్లాగే నేర్పిందట. ఏడాది పాటు సంచులు, ఆ తర్వాతే చెయ్యి.

మా వాడికి రోషం రాలేదు. నాకు వచ్చింది. వాడేమో తిరుగు దారిలో సైకిలు తొక్కుతూ, కాలేజీలో ఎండిపోయిన ఎముకలను బల్ల మీద పెట్టి చూపిస్తారనీ, కండ మీదుగా లోపలి ఎముకను చదవడం ఎవరూ నేర్పలేదనీ చెప్పుకుంటూ వచ్చాడు. మర్నాటి నుంచి వారం పాటు పొద్దున్నే పోయి ఆవిడ ముందర కూర్చుని సంచులు తడిమాడు. నేనూ వెంట పోయి ఆవిడ తప్పులు రాసుకున్నాను. తప్పులు లేకపోలేదు. అమావాస్య నాడు కట్టు కట్టదు. ఎందుకంటే కట్టదంతే. కట్టేటప్పుడు గొణుగుతుంది. అది ఏ మంత్రమని గట్టిగా అడిగాను.

"నాకు మంత్రాలు యాడ వస్తాయప్పా," అంది. "నొప్పికి వాడు కండ బిగబట్టుకుంటాడు. నేను ఏందో గొణిగితే, ఇది ఏం చెప్తా ఉందిరా అని చెవి ఇట్ల పెడతాడు. అప్పుడు లాగేస్తా."

అది కూడా రాసుకున్నాను. ఏ వైపు రాసుకోవాలో తెలియక పుట అడుగున రాసుకున్నాను.

ఎంతమందికి నయమైందవ్వా అని అడిగితే, అందరికీ అంది. నీకెట్లా తెలుసు అన్నాను. తిరిగి రాలేదు గదా, నయం కాకుంటే రారా అంది. కట్టు విప్పుకున్నవాడు మళ్ళీ ఆవిడ గడప తొక్కకూడదన్నది ఆచారం. తొక్కితే విరిగిన దాన్ని వెనక్కి పిలిచినట్టట. కాబట్టి కృతజ్ఞత చెప్పడానికి కూడా ఎవరూ రారు. రానివాళ్ళందరినీ ఆవిడ బాగయినవాళ్ళ కింద ఎంచుకుంది. యాభై ఏళ్ళుగా. ఇంత అందమైన అజ్ఞానం దొరికినందుకు ఆ రాత్రి నేను సుఖంగా నిద్రపోయాను.

ఆవిడకు మనుషుల పేర్లు గుర్తుండవు. ఎముకలూ ఊళ్ళూ గుర్తుంటాయి. ఫలానా ఊళ్ళో బావిగట్టు మీద జారిన తుంటి, కల్లావి సంతలో బండి కింద పడిన ఎడమ మోచెయ్యి, బర్గూరు దగ్గర రాళ్ళు మోసే ఆమె కుడి మణికట్టు, అట్లా చెప్పుకుంటూ పోయింది. మా వాడు రాసుకున్నాడు. సగం బస్సుల్లో, సగం సైకిళ్ళ మీద మేం ఆ ఊళ్ళన్నీ తిరిగాం. నలభై మందికి పైగా దొరికారు. దొరికిన ప్రతివాణ్ణీ మా వాడు ఒకే ప్రశ్న అడిగాడు: నయమైందా?

అందరూ ఒకటే జవాబు. "ఇంకా కొంచెం ఉంది."

మా వాడు నిజాయితీ గలవాడు. నయం కాకుండా కొంచెం మిగిలి ఉన్నా నయమైనట్టు కాదు కాబట్టి మూడో గడిలో 'కాలేదు' అని రాశాడు. పుట తరువాత పుట కాలేదు, కాలేదు, కాలేదు. నేను ఆగలేకపోయాను. కృష్ణగిరిలో ఒక సభ ఉంటే పోయి వేదిక మీద పుస్తకం పైకెత్తి చూపించాను. ఇన్ని ఊళ్ళు తిరిగాం, ఇంతమందిని అడిగాం, ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తనకు నయమైందని అనలేదు అన్నాను. చప్పట్లు బాగా మోగాయి. ఆ మాటను ఎవరో కరపత్రంగా కూడా వేయించారు.

ఆ తర్వాత నాలుగైదు రోజులకు బర్గూరు వైపు మళ్ళీ పోవలసి వచ్చింది. రాళ్ళు మోసే ఆమె వయసు రాసుకోవడం మా వాడు మర్చిపోయాడు. ఆమె రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెల్లో ఉండేది. మొగుడు బండలు చీలుస్తాడు, ఈమె గంపతో మోస్తుంది. మేం పోయేసరికి గుడిసె ముందర కూర్చుని రాగులు విసురుతోంది. కుడి చేత్తో. విరిగిందన్న చేత్తో. మేం కాసేపు నిలబడి చూశాం. రాయి గిర్రున తిరుగుతోంది.

"ఏమమ్మా, ఆ చెయ్యి నయం కాలేదంటివే?" అన్నాను.

"కాలేదంటినా? ఇంకా కొంచెం ఉందంటిని."

"ఇసుర్రాయి తిప్పతా ఉండావే."

"తిప్పకుంటే ముద్ద ఎవరు పెడతారు అయివారూ, మీ అల్లుడా?"

మొగుడు గుడిసెలోంచి నవ్వాడు. తర్వాత ఆమే, మాకు లోకం తెలియదని జాలిపడినట్టు, విడమరిచి చెప్పింది. అతుక్కున్న ఎముకను నోటితో అతుక్కుందని అనకూడదు. "ఎమిక వింటాది," అంది. "నయమైందంటే దానికి పొగరు. మళ్ళా ఇరగతాది. అందుకే ఎవరడిగినా ఇంకా కొంచెం ఉందనాల. మీకు ఇది కూడా తెలీదా?"

మాకు తెలియదు. మా వాడు మద్రాసులో పెరిగాడు. నేను హోసూరులోనే పుట్టాను, కానీ ఎముకలు విరిగినవాళ్ళ ఇళ్ళలో కూర్చుని ఎన్నడూ మాట్లాడలేదు, వాళ్ళ గురించి వేదికల మీద మాట్లాడాను. ఎంత కుంటివాడైనా, ఎంత గట్టివాడైనా అదే జవాబు చెప్తాడని తెలియకుండా ఆ జవాబుతో ఒక పుస్తకం నింపాం. మా వాడు రోడ్డు పక్కన బండరాయి మీద కూర్చుని మూడో గడిలో ఉన్నదంతా కొట్టివేశాడు.

రెండో విడత ఎవరినీ ఏమీ అడగలేదు. చెయ్యి విరిగినవాళ్ళతో తడిబట్ట పిండించాం, నిండు బిందె ఎత్తించాం. కాలు విరిగినవాళ్ళను గొంతుక్కూర్చుని లేవమన్నాం. జనం మమ్మల్ని పిచ్చివాళ్ళ కింద జమకట్టారు. ఒక ముసలాయన, బట్టలుతికేకి మద్రాసు నుంచి వచ్చినారా అన్నాడు. కానీ ఈసారి మూడో గడిలో రకరకాలు వచ్చాయి. మణికట్లు చాలావరకు బాగున్నాయి. మోచేతులు చాలావరకు బిగుసుకుపోయాయి. కొందరి కాళ్ళు వంకరగా అతుక్కున్నా నాగలి వెంట నడుస్తున్నాయి. ఒకాయనకు చెయ్యే లేదు. కట్టు కింద కుళ్ళితే తీసేశారట. డెంకణికోట అడవి అంచున ఒక గొర్రెల కాపరి ఇంటికి పోతే అతని తమ్ముడు బయటికి వచ్చి, అన్న పోయి మూడేళ్ళయిందన్నాడు. ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చిందట. అవ్వ కట్టింది. జ్వరం వచ్చింది. అంతే.

అతను అవ్వ లెక్కలో బాగయినవాడు. తిరిగి రాలేదు కదా.

కృష్ణగిరి ఆసుపత్రిలో ఒక డాక్టరును అడిగాం. ఓపికగా మాట్లాడాడు. నాటు కట్టుతో తన దగ్గరికి వచ్చిన ప్రతి కేసూ చెడిపోయినదే అన్నాడు. చెడినవాళ్ళే కదా ఆయన దగ్గరికి వచ్చేది! అవ్వ రానివాళ్ళను ఎంచింది, ఆయన వచ్చినవాళ్ళను ఎంచాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఆ రెండు నిజాలను కూడితే ఎంత వస్తుందో లెక్కల మాస్టరునైన నాకు తేలలేదు. పైగా మా వాడు ఇంకో చిక్కు తెచ్చాడు. ఎముక చాలాసార్లు తనంతట తానే అతుక్కుంటుందట, అవ్వ ఉన్నా లేకున్నా. అసలు ఎవరి దగ్గరికీ పోనివాళ్ళ జాబితా మన దగ్గర లేదు మామా, అది లేకుండా అవ్వ వల్ల బాగయిందో, అవ్వ కట్టినా బాగయిందో ఎట్లా చెప్తాం అన్నాడు. నువ్వు ఏ పక్షంరా అని అరిచాను. నా ప్రశ్నే సరిగా లేదు.

కాపరి చనిపోయిన సంగతి అవ్వకు చెప్పింది మా వాడే. నేను చెప్తే గెలిచినట్టు చెప్తానని వాడి భయం. "ఎవరూ చెప్పలేదే," అంది అవ్వ. ఆ తర్వాత పుస్తకం మొత్తం చదివించుకుంది. ఒక్కో వరుసకూ తల ఊపుతూ వింది. బాగున్నవాళ్ళ సంగతి చదివినప్పుడు కూడా ఆవిడ ముఖంలో సంతోషం లేదు. అట్లా చదివి వినిపించడం మంచి పనా కాదా అన్నది నాకు అప్పుడు తోచలేదు. ఇప్పటికీ తెలియదు.

నేను హోసూరు సభలో లేచి, మొన్న నేను చెప్పింది తప్పు, ప్రశ్నే తప్పుగా అడిగాం అని ఒప్పుకున్నాను. హేతువాది అన్నాక ఒప్పుకోవాలి. ఎందుకు తప్పయిందో వివరించబోతే ఎదుటి పక్షపు పురాణ పండితుడు లేచి, మాస్టరుగారు ఎముకలకు చెవులున్నాయని అంగీకరించారు, మనకింకేం కావాలి అన్నాడు. సభ ఘొల్లుమంది. నా వాళ్ళు నన్ను మెత్తబడ్డావన్నారు. అవ్వ మంత్రానికి మాస్టరు లొంగాడని ఊళ్ళో పాకింది. నిజం చెప్తే ఇన్ని అబద్ధాలు పుడతాయని నాకు ఏ చర్చలోనూ నేర్పలేదు.

మా వాడి సెలవులు ఇంకో వారం ఉన్నాయనగా, ఆ డాక్టరును ఇంకేదో అడగాలని ఇద్దరం కృష్ణగిరి పోయాం. ఆసుపత్రి వరండాలో ఆమె కనిపించింది, బర్గూరు ఆమె. పక్కన చాప మీద మొగుడు. క్వారీలో బండ దొర్లి మోకాలి కింద పడింది. రెండు ఎముకలూ విరిగాయి, తోలు చీలింది. అప్పటికి నాలుగు రోజులు. డాక్టరు పుండు కడిగి, ఇది ఇక్కడ అయ్యే పని కాదు, బెంగుళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోండి, కాలు ఉంచుతారో తీస్తారో వాళ్ళే చూసి చెప్తారు అన్నాడట. ఆమె బంధువులు మాత్రం రాళ్ళ లారీని మాట్లాడి బయట నిలిపారు, అవ్వ దగ్గరికి తీసుకుపోవడానికి. ఎటు పోవాలన్నది ఆమె తేల్చాలి. అది కూడా అప్పటికప్పుడు.

నన్ను చూసి లేచి వచ్చింది.

"మీరు వచ్చింది మేలయింది అయివారూ. ఊరూరూ తిరిగి లెక్క రాసినారు గదా. నా చెయ్యి కూడా రాసుకున్నారు గదా. ఆ పుస్తకం చూసి చెప్పండి, ఈయన్ని యాడికి తీసకపోయేది?"

చాప మీద నుంచి ఆయన, "కాలు తీసేస్తే బండ ఎట్ల కొట్టేదప్పా," అన్నాడు. నన్ను కాదు. ఎవరినీ కాదు.

మా వాడు పుస్తకం తీశాడు. తోలు చీలినవాళ్ళు ముగ్గురే ఉన్నారు. ఒకడు కుంటుతూ నడుస్తున్నాడు, ఒకడికి చెయ్యి పోయింది, ఒకడు చనిపోయాడు. బెంగుళూరు పోయినవాడు ఒక్కడూ లేడు. మా వాడు నా చెవిలో, ముగ్గురితో ఏం చెప్తాం మామా, మనకు దొరకనివాళ్ళు ఎంతమందో అన్నాడు. పుండు ఉన్నప్పుడు పెద్దాసుపత్రే మేలని తన కాలేజీ పుస్తకాలు చెప్తాయనీ, ఆ మాటే చెప్దామనీ కూడా అన్నాడు.

ఆమె నా ముఖం కేసే చూస్తోంది. నేను ఇన్నేళ్ళు మాట్లాడింది ఆమెలాంటి వాళ్ళ కోసమే. కళ్ళతో చూసి, లెక్కపెట్టి, ఆ లెక్క ప్రకారం నడుచుకోండని. ఆమె సరిగ్గా అదే అడుగుతోంది. నా చేతిలో లెక్క ఉంది, జవాబు లేదు. మద్రాసు కాలేజీ పుస్తకాల్లో ఏదో రాసి ఉందని చెప్తే ఆమె నమ్ముతుందా? లారీ డ్రైవరు అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టాడు. మా వాడి చేతిలోంచి పుస్తకం తీసుకున్నాను. నిదానంగా పుటలు తిప్పాను. ఒక చోట వేలు పెట్టి ఆపాను. అక్కడ ఏముందో ఇప్పుడు గుర్తు లేదు.

"బెంగుళూరికి తీసకపో అమ్మా," అన్నాను. "పుస్తకం అదే చెప్తా ఉంది."

ఆమె చెయ్యి చాపి పుస్తకాన్ని తాకి ఆ చేతిని కళ్ళకద్దుకుంది. జీవితమంతా ఏ పనిని మాన్పించాలని తిరిగానో ఆ పని నా ఎదురుగా, నా పుస్తకానికి జరిగింది. వద్దనలేదు. ఒక్క మాట అంటే ఆమె లారీ ఎక్కేస్తుందని భయపడ్డాను.

తిరుగు బస్సు శూలగిరి దాటింది. అప్పుడు మా వాడు, పుస్తకంలో అట్లా లేదు కదా అన్నాడు. సలహా సరైనదే కదరా, నువ్వే కదా చెప్పింది అన్నాను.

"సలహా సరే మామా. మా కాలేజీ పుస్తకం చెప్తా ఉందని అనింటే ఒప్పుకుందును. మన పుస్తకం చెప్పలేదు. అవ్వ గొణిగేదానికీ నువ్వు పుటలు తిప్పినదానికీ తేడా ఏముంది? అవ్వ గొణిగినాక చేత్తో ఏదో ఒకటి చేస్తాది. నువ్వు గొణిగి ఊరకున్నావు."

నాకు కోపం రాలేదు. రావలసినంత కోపం కూడా రాకపోవడం చూసి నాకే గాభరా పుట్టింది.

బెంగుళూరులో అతని కాలును మోకాలి కింద తీసేశారని నెల తర్వాత తెలిసింది. మనిషి బతికాడు. నేను సైకిలు వేసుకుని అవ్వ దగ్గరికి పోయాను. కాలు ఎట్లా విరిగిందో, తోలు ఎంత చీలిందో చెప్పి, నీ దగ్గరికి తెచ్చి ఉంటే ఏం చేసేదానివవ్వా అని అడిగాను.

"ఇప్పుడయితే పట్టను," అంది. "ఆ గొర్రెలు మేపేవాని సంగతి మీరు చెప్పినాక తోలు చినిగినది నేను పట్టేది లేదు. ముందయితే పట్టేదాన్ని."

పడితే ఏమయ్యేది అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసి, నాకెట్ల తెలుస్తాది, తిరిగి రారు గదా అంది. ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. మేం లెక్కపెట్టడానికి పోయాం. మా లెక్క విని ఆవిడ తన పద్ధతే మార్చుకుంది. మరి మేం రాసుకున్నది ఏ అవ్వ గురించి? మేం పోకముందు ఉన్న అవ్వ ఇక లేదు. నేను పుస్తకం పేరు చెప్పి ఆపకున్నా ఆ లారీ ఆవిడ ఇంటి దాకా పోయి ఉత్త చేతులతో తిరిగి వచ్చేదేమో. ఆ లోపల అతనికి ఏమయ్యేదో. నా అబద్ధం ఎవరినీ ఎక్కడికీ మళ్ళించలేదా, లేక ప్రాణమే నిలిపిందా?

మా వాడు తన వ్యాసం రాసి మద్రాసులో ఇచ్చాడు. ఎవరికి ఎంత నయమైందో ఉన్నదున్నట్టు రాసి, దీన్నిబట్టి అవ్వ వైద్యం మంచిదో చెడ్డదో నేను చెప్పలేను, నయమైందా అని మనిషిని అడిగి రాసుకోవడం మాత్రం తప్పని చెప్పగలను అని ముగించాడట. ఇంతేనా అని ప్రొఫెసరు అడిగాడట. ఇంతే అన్నాడట. తిట్టలేదు, మెచ్చుకోలేదు. వార్డులో మాత్రం పెట్టుకున్నాడు.

అరవైలలో, ఏడెనిమిదేళ్ళ తర్వాత, ఏదో పెళ్ళికి బర్గూరు పోతూ రోడ్డు పక్కన వాళ్ళను చూశాను. అతను కుప్పగా పోసిన రాళ్ళ ముందర గోనెసంచి మీద కూర్చుని చిన్న సుత్తితో కంకర కొడుతున్నాడు. పక్కన చంక కర్ర. ఆమె గంపతో కంకర ఎత్తి పోస్తోంది. బస్సు టైరు మారుస్తున్నారు కాబట్టి నేను దిగి వాళ్ళ దగ్గరికి నడిచాను. ఆమె గుర్తుపట్టింది. ఎట్లున్నాడమ్మా మీ ఆయన అన్నాను.

"నయమైంది అయివారూ," అంది గట్టిగా.

పుస్తకం నిండా అంతమంది ఉన్నారు. ఆ మాట నోటితో అన్న మనిషి ఈమె ఒక్కతే. ఏమమ్మా, అట్లా అనేసినావే, అనకూడదంటివే అన్నాను.

"తీసేసిన కాలికి చెవులు యాడివి?" అంది.

"నాకుండాయి గదే, మెల్లగా చెప్పు," అన్నాడు అతను, సుత్తి ఆపకుండా. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను.

ఇన్నేళ్ళుగా మోస్తున్న మాటను అప్పుడు చెప్పేశాను. ఆ రోజు ఆసుపత్రిలో నేను చెప్పింది పుస్తకంలో లేదమ్మా అన్నాను. అందులో నీకు పనికివచ్చే జవాబు ఏదీ లేదు, ఉందని చెప్పాను అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. ఆమె గంప దించింది. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"ఆ పొద్దు మీరు చెప్పింది దాంట్లో లేకుంటే యాడ ఉంది అయివారూ?"

టైరు మార్చడం అయిపోయి కండక్టరు పిలిచాడు. నేను పోయి బస్సెక్కాను.

ఇంటికి వచ్చి నీలం పుస్తకం చివర ఇంకో వరుస గీశాను. అతను అవ్వ కట్టినవాడు కాదు, ఆ పుస్తకంలో అతనికి చోటు లేదు. అయినా గీశాను. మొదటి గడిలో ఊరూ వయసూ రాశాను. రెండో దాంట్లో కుడి కాలు, మోకాలి కింద, రెండు ఎముకలు, తోలు చీలింది అని రాశాను. మూడో గడి దగ్గర ఆగాను. ఆమె చెప్పినట్టు రాస్తే నయమైంది అని రాయాలి. కళ్ళతో చూసింది రాస్తే కాలు లేదు అని రాయాలి. బతికాడు అని రాస్తే అది నేను చేసిన పనికి సర్టిఫికెట్టు అవుతుంది.

మా వాడికి ఉత్తరం రాశాను. వాడిప్పుడు మద్రాసులో తనే విద్యార్థులకు పాఠం చెప్తున్నాడు. ఎముకలు బల్ల మీద పెట్టి చూపించే ముందు, అవ్వ ఇచ్చిన తోలు సంచిని ఒక్కొక్కరి ఒళ్ళో వేసి ఎన్ని ముక్కలో చెప్పమంటాడట. చాలామంది రెండు అనే చెప్తారట. ఆ గడి సంగతికి మాత్రం ఒక్క వాక్యమే జవాబిచ్చాడు. ఖాళీగా వదిలెయ్యి మామా, ఎప్పుడైనా నింపితే ఏం రాసినావో నాకు చెప్పు అని.

ఇంకా చెప్పలేదు.